ఎర్రదీపం

గత సంవత్సరం రజబ్ నెలలో మా మదర్సాకు ఒక మిక్సర్ వచ్చింది. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు మా ఇల్లాలు, పిల్లల భోజనాలకు కొబ్బరి పచ్చడి ఇక రోట్లో రుబ్బనక్కరలేదని సంతోషించింది. అది వంటింటి మిక్సీ కాదు, శబ్దాలను కలిపి సరిచేసే పెట్టె అని చెప్పేసరికి ఆమెకు మన్నించరాని ఖర్చుగా తోచింది. నిజానికి ఆ డబ్బు మదర్సాది కాదు. గల్ఫ్ దేశాల్లో పనిచేసుకుంటున్న మా పూర్వ విద్యార్థులు కొందరు కలిసి పంపిన సొమ్ము. వారి కోరిక ఒక్కటే. మాకూ, మా తరువాత రెండు తరాల వారికీ ఖుర్ఆన్ పఠనం నేర్పిన ఉస్తాద్ సాహెబ్ గొంతు వినిపించే స్థితిలో ఉండగానే, అమ్మ పారా మొత్తం ఆయన నోట చదివించి భద్రపరచాలి.

ఉస్తాద్ సాహెబ్‌కు ఎనభై దాటాయి. ఆయన పాఠం ఎలా ఉండేదో తెలిసినవారికి ఈ కోరిక వింతగా తోచదు. మేము సీన్ అక్షరాన్ని సరిగా పలకలేకపోయినప్పుడు ఆయన మమ్మల్ని మూడు నెలలు ముందుకు సాగనివ్వలేదు. కొట్టలేదు, తిట్టలేదు. ప్రతి ఉదయం కిటికీ ఎదుట కూర్చోబెట్టి, వెలుతురు మా ముఖం మీద పడేలా చూసి, “మళ్ళీ” అనేవారు. చలికాలమైనా, ఎండాకాలమైనా ఆయన విద్యార్థి కూర్చునే చోటు మారేది కాదు. అది ఆయన చాదస్తమని మేమంతా అనుకునేవాళ్ళం.

మిక్సర్ దగ్గర ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మేమే ముందుకు వచ్చాము. అందుకు మాకొక అర్హత ఉందని మా నమ్మకం. చదువుకునే రోజుల్లోనూ, ఆ తరువాత చాలాకాలంపాటూ జల్సాలకు మైకుసెట్టు బాధ్యత మాదే. చెట్టుకు కట్టిన ఇనుప హారన్లు, బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయర్, దానికి ఒక వాల్యూమ్ మర, ఒక టోన్ మర, అంతే. మర తిప్పితే జనానికి ఎంత వినిపిస్తుందో మాకూ అంతే వినిపించేది. చెవికి బాగుంటే పని బాగున్నట్టు. ఈ అలవాటే మమ్మల్ని తరువాత తప్పుదోవ పట్టించింది.

కొత్త పెట్టె తీరు వేరు. దాని మీద ఒక్కొక్క మైకుకు ఒక్కొక్క వరుస ఉంటుంది. వరుస పైకొసన ఉండే మరను గెయిన్ అంటారు. మైకు నుండి వచ్చే అతి సన్నని విద్యుత్తును పనికివచ్చేంతగా పెంచేది అదే. కింది కొసన పైకీ కిందికీ జరిపే మీట ఉంటుంది, అది ఫేడర్. అలా పెరిగిన శబ్దంలో ఎంత భాగం బయటికి పోవాలో అది నిర్ణయిస్తుంది. వీటికి దూరంగా, కుడివైపున, హెడ్‌ఫోన్‌కు వేరొక మర ఉంటుంది. ఇది కేవలం వినేవాని కోసం. దీన్ని ఎంత తిప్పినా రికార్డయ్యే శబ్దం వెంట్రుకవాసి కూడా మారదు. ఇంటి సోదరీమణులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, గరిటెలో ఎక్కువ తీసుకుని రుచి చూసినంత మాత్రాన గిన్నెలోని పులుసులో ఉప్పు పెరగదు. గెయిన్ మర పక్కన చిన్న ఎర్రదీపం ఒకటి ఉంటుంది. ఆ వరుస మోయగలిగిన దానికంటే ఎక్కువ శబ్దం వస్తున్నప్పుడు అది వెలుగుతుంది.

ఇదంతా మాకు ఆలిమ్ తరగతిలోని ఒక పదిహేడేళ్ళ విద్యార్థి చెప్పాడు. పెట్టెతోపాటు వచ్చిన పుస్తకాన్ని రెండు రాత్రులు కూర్చుని చదివాడు. మొదటి ఉదయం మైకు నుండి చప్పుడే రాలేదు. మేము అరగంటసేపు తీగలన్నీ పీకి పెట్టాము. అది కండెన్సర్ మైకు అనీ, దానికి 48 వోల్టుల విద్యుత్తు మిక్సర్ నుండే అందాలనీ, అందుకొక మీట ఉందనీ అతడు చూపించాడు. అప్పుడే మాకు కొంచెం చిన్నతనంగా అనిపించిందని ఒప్పుకోవాలి.

ఫజ్ర్ నమాజు తరువాత ఉస్తాద్ సాహెబ్ గొంతు తేటగా ఉంటుంది కనుక ఆ వేళనే ఎంచుకున్నాము. ఫ్యాన్లు ఆపించాము. కిటికీలకు దుప్పట్లు కట్టించాము. పక్కింటి కోడిని మాత్రం ఏమీ చేయలేకపోయాము. చిన్నపిల్లలకు నేర్పే వరుసలోనే, చివరి సూరా అన్నాస్‌తో ఆయన మొదలుపెట్టారు.

హెడ్‌ఫోన్‌లో ఆయన స్వరం మాకు దుప్పటి వెనుక నుండి వస్తున్నట్టు వినిపించింది. హెడ్‌ఫోన్ మర పెంచాము. అది చివరికంటా వచ్చింది. మాట పెద్దదైంది కానీ తేట కాలేదు. ముఖ్యంగా సీన్ వద్ద ఆయన పలుకులో ఉండే ఆ సన్నని ఈల మాకు అందలేదు. మైకు సరిగా పట్టుకోవడం లేదనుకుని గెయిన్ పెంచాము. అప్పుడు ఆ కుర్రవాడు మెల్లగా, “హజ్రత్, ఎర్రదీపం వెలుగుతోంది” అన్నాడు.

“దీపాన్ని చూడకు బాబూ, గొంతును విను. ఈ చెవులతో ఎన్ని జల్సాలు నడిపామో నీకు తెలియదు” అన్నాము.

అతడు తల వంచుకున్నాడు. మళ్ళీ మాట్లాడలేదు. రెండవ రోజు, అతని మాటను పూర్తిగా తీసివేయలేక, కింది ఫేడర్‌ను వేలెడు కిందికి దించాము. రికార్డర్‌లో అంకెలు నెమ్మదించాయి. ఎర్రదీపం మాత్రం ఆరలేదు. పైన గెయిన్ దగ్గరే చిరిగిన గొంతును కింద ఫేడర్‌తో తగ్గిస్తే చిరుగు పోదు, చిరిగిన గొంతే కాస్త చిన్నగా వినిపిస్తుందన్న సంగతి మాకు అప్పుడు తెలియదు. తెలిసినవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు. నాలుగు ఉదయాల్లో ముప్పై ఏడు సూరాలూ పూర్తయ్యాయి. ఉస్తాద్ సాహెబ్ అలసిపోయి, మా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని దుఆ చేశారు.

రికార్డింగులు పంపిన వారానికి జవాబులు వచ్చాయి. మొదట కృతజ్ఞతలు, కన్నీళ్ళు. ఆ తరువాత ఒకరిద్దరు సంకోచిస్తూ రాశారు. ఉస్తాద్ సాహెబ్ స్వరం హెచ్చిన చోటల్లా బరబరమంటోందట, కాగితం చింపినట్టు. కారులో విన్నవాడు తన స్పీకర్లే పాడయ్యాయనుకుని బాగుచేసేవాని దగ్గరికి కూడా వెళ్ళాడట. మేము మళ్ళీ విన్నాము. మాకేమీ తోచలేదు. అసలు భయం అక్కడే మొదలైంది.

కుర్రవాణ్ణి పిలిచి అడిగాము. అతడు కంప్యూటర్ తెర మీద శబ్దపు ఆకారాన్ని తెరిచి చూపించాడు. కరెంటు తీగలకు తగులుతున్నాయని విద్యుత్తు శాఖ వాళ్ళు వచ్చి చింతచెట్టు తలను అడ్డంగా నరికేసి వెళతారు చూడండి, సరిగ్గా అలా ఉంది. గుండ్రంగా లేచి దిగవలసిన అలలు పైన చదునుగా తెగి ఉన్నాయి. మొదటి రోజువి రికార్డర్ పైకప్పుకు తగిలి తెగాయి. తరువాతి మూడు రోజులవి పైకప్పుకు చాలా కిందనే, ఖాళీ జాగా ఉండగానే, తెగి ఉన్నాయి. అంటే కోత మిక్సర్‌లోనే, మేము తిప్పిన ఆ పైమర వద్దనే జరిగింది. పాత క్యాసెట్టు టేపు కొంచెం ఎక్కువైన శబ్దాన్ని మెత్తగా నలిపి సర్దుకునేది. ఈ యంత్రాలకు ఆ దయ లేదు. తెగిన శిఖరాన్ని తిరిగి ఎవరూ అతికించలేరు.

మా ఇల్లాలు ఏడాదిగా ఒక మాట అంటూనే ఉంది: “కుక్కర్ కూస్తే మీకు వినపడడం లేదండీ. మనవడు పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదు.” మేము పుస్తకంలో మునిగి ఉంటామని సమాధానం చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఆ సమాధానం మాకే నచ్చలేదు. గుంటూరులో ఒక చెవి వైద్యురాలి వద్దకు వెళ్ళాము. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆ గదిలో చాలాసేపు ఏ చప్పుడూ లేకుండా కూర్చున్నాము. లోపల నిశ్శబ్దం కాదది, మాకు అందని చప్పుళ్ళు అని బయటికి వచ్చాకగానీ తెలియలేదు.

కాగితం మీద గీత ఎడమవైపు సమంగా మొదలై కుడివైపు మెట్లు దిగినట్టు దిగింది. 1000 హెర్ట్జ్ వరకు సాధారణం. 2000 దగ్గర కొంచెం తగ్గుదల. 4000 దగ్గర 60 డెసిబెల్స్ శబ్దం ఉంటేగానీ మాకు వినిపించడం లేదు, 8000 దగ్గర ఇంకా ఎక్కువ కావాలి. వయసుతో వచ్చే వినికిడి లోపం పై స్వరాల నుండే మొదలవుతుందనీ, అందుకే మనిషికి మాటలు వినిపిస్తున్నట్టే ఉండి పదాలు జారిపోతుంటాయనీ ఆమె చెప్పారు. పెద్ద శబ్దాల దగ్గర పనిచేశారా అని అడిగారు. ఇనుప హారన్ల కింద గడిపిన రాత్రులు గుర్తుకు వచ్చాయి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదట. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుందట. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద పావుగంటే. హెడ్‌ఫోన్ మరను చివరికంటా తిప్పి నాలుగు ఉదయాలు కూర్చున్న సంగతి ఆమెకు చెప్పడానికి సిగ్గుపడ్డాము. ఈ తరం పిల్లలు రాత్రంతా చెవిలో పెట్టుకుని పడుకునే వాటికీ ఇదే లెక్క వర్తిస్తుందని ఆమె అడగకుండానే చెప్పారు.

తజ్వీద్ చదివినవారికి హురూఫె సఫీర్ అంటే తెలుసు. సీన్, స్వాద్, జా. ఈల లక్షణం గల మూడు అక్షరాలు. ఆ ఈల ఎక్కడ ఉంటుందని వైద్యురాలిని అడిగాము. “స వంటి ధ్వనుల బలమంతా 4000 పైనే ఉంటుంది” అన్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సులో కూర్చున్నాక ఊరు వచ్చేదాకా మా మనసులో ఒకే ఒక్క లెక్క నడిచింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లల పఠనం వింటున్నాము. అందులో ఎన్నేళ్ళు నిజంగా విన్నాము?

అనుమానం తీరక ఆ కుర్రవాణ్ణే పిలిచి, మా వీపు వెనుక నిలబడి సా, సీన్ అక్షరాలను వరుస మార్చి ఇరవైసార్లు పలకమన్నాము. సా అంటే నాలుక కొనను పళ్ళ అంచుకు ఆనించి పలికేది. స్వాద్‌ను అడగలేదు. దానికి బరువు ఉంటుంది కనుక ఆ బరువును బట్టి పోల్చుకోగలము. ఇరవైలో ఏడు తప్పాము. తరువాత మా ఎదుటికి వచ్చి పలకమన్నాము. ఒక్కటే తప్పాము. అంటే ఇన్నాళ్ళూ మేము వింటున్నామనుకున్నది చాలావరకు చూస్తున్నాము. ఎదురుగా కూర్చున్న పిల్లవానిది సరిగానే దిద్ది ఉంటాము. జమాఅత్‌గా గొంతు కలిపి చదివించినప్పుడు, పక్కకు తిరిగి రాసుకుంటూ విన్నప్పుడు ఏం చేశామో అల్లాహ్‌కే తెలుసు. ఆ షాబాన్‌లో వార్షిక పరీక్షకు బయటి నుండి వచ్చిన ముమ్తహిన్ సాహెబ్, మా తరగతిలో కొందరు పిల్లలు ఈ రెండు అక్షరాలనూ కలిపేస్తున్నారని రాసి వెళ్ళారు. అంతకుముందు సంవత్సరం కూడా ఇంచుమించు అదే మాట రాశారు. అప్పుడు దాన్ని ఆయన కాఠిన్యంగా తీసుకున్నాము.

అసర్ తరువాత, తరగతి అంతా ఉండగా, ఆ విద్యార్థితో చెప్పాము: “నీవు చూసింది నిజం. మేము నీ మాట వినలేదు. మమ్మల్ని మన్నించు.” అతడు కంగారుపడి లేచి నిలబడ్డాడు. “హజ్రత్, అలా అనకండి” అన్నాడు. మరి రెండవసారి ఎందుకు చెప్పలేదని అడిగాము. “ఒకసారి చెప్పాను కదా హజ్రత్” అన్నాడు. అతనిలో తప్పేమీ లేదు. పెద్దల ముందు ఒకసారి చెప్పి ఊరుకోవడమే అదబ్ అని అతనికి నేర్పినది మేమే. మా చదువుల్లో అదబ్‌కు ఉన్న స్థానం గొప్పదే. అయినా, ఎర్రదీపం వెలుగుతోందని రెండవసారి చెప్పడానికి ఒక బిడ్డ భయపడే గదిలో మేము ఏమి బోధిస్తున్నామన్న ప్రశ్న మమ్మల్ని ఇంకా వదలలేదు.

రమజాన్ సెలవుల తరువాత, షవ్వాల్‌లో మదర్సా తెరవగానే ఉస్తాద్ సాహెబ్ వద్దకు వెళ్ళి జరిగినదంతా చెప్పాము. మా చెవుల కాగితం కూడా చూపించాము. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వారు.

“బేటా, చిన్నప్పటి జ్వరంలో మా కుడిచెవి పోయింది. మిమ్మల్ని కిటికీ ఎదుట ఎందుకు కూర్చోబెట్టేవాళ్ళమనుకున్నావు?”

మేము చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. ఆయనకు తన లోపం తెలుసు. తెలిసి, విద్యార్థి ముఖాన్ని వెలుతురులో పెట్టుకున్నారు. మాకు మా లోపం తెలియదు. తేడా అక్కడే ఉంది.

రెండవసారి మిక్సర్ దగ్గర ఆ కుర్రవాడే కూర్చున్నాడు. మేము హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. ఖుర్ఆన్ ప్రతిని చేతబట్టుకుని ఉస్తాద్ సాహెబ్ ఎదుట కూర్చున్నాము. అతడు చేసిన పని ఇంతే. ఫేడర్ పక్కన పీఎఫ్ఎల్ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ఫేడర్ ఎక్కడ ఉన్నా సంబంధం లేకుండా, ఆ ఒక్క మైకు శబ్దం అసలు ఎంత ఉందో హెడ్‌ఫోన్‌లోనూ, దీపాల నిచ్చెన మీదా తెలుస్తుంది. మామూలు మాటతో కాక, గొంతు బాగా హెచ్చే ఆయతులు కొన్ని చదవమని ఉస్తాద్ సాహెబ్‌ను కోరాడు. మనిషి “హలో హలో” అన్నప్పటి గొంతు వేరు, పఠనంలో లీనమైనప్పటి గొంతు వేరు కదా. ఆ గొంతుకు పచ్చదీపాలు నిండి పసుపు అంచున తాకేలా గెయిన్ పెట్టాడు. ఫేడర్‌ను సున్నా గీత మీద ఉంచాడు. రికార్డర్‌లో అత్యధిక శబ్దం మైనస్ 12 దాటకుండా చూసుకున్నాడు. మిగిలిన ఆ 12 డెసిబెల్స్ ఖాళీ వృథా కాదు, అనుకోకుండా గొంతు లేచినప్పుడు తల తగలకుండా ఉంచిన ఎత్తు అన్నాడు. ఆపైన గెయిన్‌ను ముట్టుకోలేదు. తన హెడ్‌ఫోన్ మరను మాత్రం బాగా తగ్గించి పెట్టుకున్నాడు.

అన్నాస్ నుండి అజ్జుహా వరకు ఇరవై రెండు సూరాలు అయ్యాయి. ఇరవై మూడవది మొదలుపెట్టిన ఉదయం ఉస్తాద్ సాహెబ్‌కు ఆయాసం వచ్చింది. గొంతుకు శ్రమ ఇవ్వవద్దని వైద్యులు ఖచ్చితంగా చెప్పారు. ఇప్పుడు కూతురి ఇంట్లో ఉన్నారు. మాట గుసగుసగానే వస్తోంది. చూడడానికి వెళితే మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని కనిపిస్తారు.

పిల్లల పఠనం వినే బాధ్యతను యువకుడైన మరొక ఉస్తాద్‌కు అప్పగించాము. మేము నహ్వ్, సర్ఫ్ పాఠాలు చెబుతున్నాము. కమిటీ వారు జీతం తగ్గించలేదు, అది వారి మంచితనం. చెవి యంత్రాలు పెట్టుకున్న మొదటి రోజు వుజూ ఖానాలో చెప్పుల చప్పుడు, పుస్తకం పుట తిప్పినప్పటి గరగర ఎంత గట్టిగా వినిపించాయంటే, వాటిని తీసి జేబులో వేసుకున్నాము. మెల్లగా అలవాటవుతోంది. పాత రికార్డింగు కూడా వాటితో విన్నాము. చిరుగు మాకూ వినిపించింది.

మిక్సర్ ఇప్పుడు జుమా రోజు మస్జిద్‌లోనూ పనికివస్తోంది. ఖతీబ్ సాహెబ్ తన గొంతు తనకు వినిపించడం లేదని అడుగుతూ ఉంటే, వెనుకటి రోజుల్లో మేము వాల్యూమ్ పెంచేవాళ్ళం, అది కుయ్యిమని అరిచేది. స్పీకరు శబ్దం మళ్ళీ మైకులో దూరి, పెరిగి, మళ్ళీ స్పీకరుకు పోయే చక్రం అది. కుర్రవాడు ఆయన కోసం చిన్న స్పీకరును మైకు వెన్నువైపు, ఆయనకు ఎదురుగా పెట్టాడు. ఆ మైకు వెనుకవైపు శబ్దాన్ని చాలా తక్కువగా తీసుకుంటుంది. మైకును మూరెడు దూరం నుండి జానెడు దూరానికి జరిపించాడు. గెయిన్ సగానికి తగ్గింది, కూత పోయింది. లౌడ్‌స్పీకర్లు లేని కాలంలో ఇమాము తక్బీర్‌ను వెనుక వరుసలకు అందించిన ముకబ్బిర్‌లు కూడా తమ గొంతును వెనుక వరుసను చూసి నిర్ణయించుకునేవారు కాబోలు.

ఇక మిగిలింది, చిరిగిన ఆ పదిహేను సూరాల సంగతి. నబఅ నుండి లైల్ వరకు. తెగిన అలలను అతికే సాఫ్ట్‌వేర్ ఉందని కుర్రవాడు రాత్రులు కూర్చుని ప్రయత్నించాడు. బరబర తగ్గింది. కానీ ఆ అతుకు యంత్రం ఊహించినది, ఉస్తాద్ సాహెబ్ పలికినది కాదు. సీన్ ఎలా పలకాలో నేర్చుకోవడానికి రేపు వినే పిల్లవానికి ఊహను ఇవ్వలేము. వద్దన్నాము. అలాగే ఉంచమన్నాము. ఇరవై రెండు సూరాలను వేరొక చోట పెట్టి, ఈ పదిహేనింటికి ముందు చెప్పవలసిన మాటను మేమే మైకు ముందు కూర్చుని చదివాము. అతడు పీఎఫ్ఎల్ నొక్కి, మా గొంతుకు గెయిన్ సరిచేసి, తల ఊపాడు. “ఈ భాగంలో స్వరం చిరిగింది. తప్పు ఉస్తాద్ సాహెబ్‌ది కాదు, యంత్రానిది కాదు. గెయిన్ ఎక్కువ పెట్టినది మేము. అక్షరాల కోసం దీన్ని అనుసరించవద్దు.” చదవడం అయ్యాక అతడు హెడ్‌ఫోన్ తీసి, “హజ్రత్, ‘స్వరం’ అన్నప్పుడు స సరిగా పడలేదు. మరొకసారి” అన్నాడు.

మళ్ళీ చదివాము.